ఇరవై అడుగులు తక్కువ

ఏప్రిల్ 6, 2000

కొత్త స్కోరు పుస్తకం మొదలుపెట్టాను. ఇది పదిహేనోది. హైస్కూల్లో మా ఆయన కర్ట్ మొదటి బేస్‌బాల్ ఆట ఆడిన రోజు నుంచి సీజన్‌కి ఒకటి చొప్పున బీరువా పై అరలో వరసగా ఉన్నాయి. ఆట మా ఊళ్ళో అయితే మైదానంలో కూర్చుని, బయటి ఊళ్ళో అయితే రేడియో పక్కన కూర్చుని రాస్తాను. ఏడాది పొడుగునా ఏడో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పి, ఎండాకాలం మళ్ళీ లెక్కలు రాసుకునే మనిషిని ఇంకెక్కడా చూడలేదని మా అక్క ఎగతాళి చేస్తుంది. చేసుకోనీ.

ఆ పుస్తకం ఎవరైనా చూడొచ్చు. ఈ డైరీ నాకు మాత్రమే. దీన్ని ఇప్పుడెందుకు మొదలుపెట్టానో ఇవాళ రాయను.

మా మిల్‌బ్రూక్‌లో ఇంకా చలి పోలేదు. నది మీంచి గాలి వచ్చి పేజీలు ఎగరగొడుతుంటే మోచెయ్యి ఆన్చి రాశాను. కర్ట్ రెండోసారి బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు హోమ్ రన్ కొట్టాడు. బంతి సెంటర్ గోడ దాటి, వెనకున్న పరుపుల దుకాణం బోర్డు కింద పడింది. నిరుడు అలాంటిది గోడ దగ్గర పట్టేసేవాళ్ళు.

నా పక్క సీటు ఎప్పుడూ హ్యూబర్ట్ టాంప్కిన్స్ గారిదే. పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యారు. ఆయనా స్కోరు రాస్తారు. ఇన్నింగ్స్ అయిపోగానే ఇద్దరం పుస్తకాలు పక్కపక్కన పెట్టి సరిచూసుకుంటాం.

"చలికాలమంతా మీ ఆయనకి ఏం పెట్టావు అమ్మాయ్?" అన్నారు.

"క్యాబేజీ," అన్నాను.

ఇంటికి రాగానే కర్ట్ గ్యారేజీలోకి వెళ్ళాడు. స్టూలు మీద కూర్చుని స్క్రూడ్రైవర్‌తో బూట్ల మేకుల మధ్య మట్టి గీకడం వాడి పద్ధతి. నాలుగు నిమిషాల పని. ఇవాళ సూప్ చల్లారిపోయి మళ్ళీ వేడిచెయ్యాల్సొచ్చింది.

ఏప్రిల్ 19

ఇవాళ రెండు హోమ్ రన్లు.

మే 3

వాడి చొక్కాలన్నిటికీ మెడ దగ్గర బొత్తాం పెట్టడం కుదరడం లేదు. చర్చికి వేసుకునేది తీసి మా తమ్ముడికి ఇచ్చేశాను.

చలికాలమంతా జిమ్‌కి వెళ్ళాడు, నిజమే. పొద్దున ఐదింటికి లేచి వెళ్ళేవాడు. జట్టులో క్యాచర్‌గా ఆడే రోలండ్ తోడు. బరువులెత్తితే మెడ లావెక్కుతుంది. ఇందులో ఆలోచించడానికేముంది?

మే 21

ఇవాళ కూర్చుని సరిగ్గా ఆలోచించాను. కొత్త మేపుల్ కర్ర బ్యాట్ తెచ్చుకున్నాడు. పాత యాష్ కర్ర కంటే అది గట్టిది. మేజర్ లీగ్‌లో పెద్దపెద్దవాళ్ళు కూడా దానికే మారుతున్నారట. బంతి దూరం పోవడం అందుకే అయ్యుండాలి. మనసు తేలికపడింది. మూడు గంటలు పువ్వులమొక్కల దగ్గర పనిచేశాను.

మే 26

మేపుల్ బ్యాట్ విరిగింది. మూడో ఇన్నింగ్స్‌లో పాత యాష్ బ్యాట్ తీసుకుని వెళ్ళాడు. దాంతో కొట్టిన బంతి పరుపుల దుకాణం కప్పు మీద పడింది.

హ్యూబర్ట్ గారు పెన్సిల్ ఆపి ఆ కప్పు వంక చూస్తూ ఉండిపోయారు. నేను చూడలేదు. నా గడిలో రాసేసి తలదించుకున్నాను.

జూన్ 11

డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఇద్దరికీ పరీక్షలు. కిందటి అక్టోబర్లో ఎనిమిదో వారానికి కడుపు పోయాక మళ్ళీ నిలవలేదు. కర్ట్ కారులో రేడియో పెట్టలేదు. వెళ్ళేటప్పుడూ పెట్టలేదు, వచ్చేటప్పుడూ పెట్టలేదు. నా చెయ్యి మాత్రం పట్టుకునే ఉన్నాడు. వాడు మంచివాడు. ఈ మాట రాసుకోవాలనిపించింది.

జూన్ 20

నావన్నీ బాగానే ఉన్నాయి. కర్ట్ వీర్యకణాల లెక్క సున్నా.

జూన్ 21

తక్కువ అని కాదు. సున్నా. కాగితం మీద అచ్చయిన అంకె. దాని పక్కన ఇంకేమీ లేదు.

"ఏమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టర్ అడిగాడు. ముసలాయన, నెమ్మదిగా మాట్లాడతాడు.

"విటమిన్లు," అన్నాడు కర్ట్.

ఆయన కర్ట్ భుజాల వంక చూశాడు. తర్వాత కిటికీ వంక తిరిగి, మాకు కాకుండా ఇంకెవరికో చెప్తున్నట్టు, "మగ హార్మోన్ బయటి నుంచి ఎక్కిస్తే శరీరం తన పని తాను మానేస్తుంది. ఆపేస్తే చాలామందికి మళ్ళీ వస్తుంది. నెలలు పడుతుంది," అన్నాడు.

కర్ట్ బూట్ల వంక చూస్తూ కూర్చున్నాడు. నేను సంచి జిప్పు తీశాను, వేశాను.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. కర్ట్‌కి పదమూడో ఏట గవదబిళ్ళలు వచ్చాయి. మగపిల్లలకి ఆ వయసులో వస్తే ఇలా అవుతుందని ఎక్కడో చదివాను. అదే. అదే అయ్యుంటుంది.

జూన్ 22

గవదబిళ్ళలు పదమూడో ఏట వచ్చాయి. నాకు కడుపొచ్చింది నిరుడు.

జూన్ 28

ఇవాళ్టి ఆట మర్చిపోలేను. మా జట్టులో బంతి విసిరే పిచ్చర్, ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఏడో ఇన్నింగ్స్ అయినా ఎదుటి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ఇక అప్పట్నుంచి మైదానం మొత్తానికీ నోరు పడిపోయింది. ఒక్క హిట్టూ లేదన్న మాట పైకి అంటే అచ్చిరాదు. బెంచీ మీద వాడి పక్కన ఎవరూ కూర్చోలేదు, వాడితో ఎవరూ మాట్లాడలేదు. అటుపక్క పది అడుగులు ఖాళీ. నీళ్ళ గ్లాసు కూడా వాడే లేచి తెచ్చుకున్నాడు. అందరికీ తెలుసు, వాడికీ తెలుసు. ఎవరూ అనరు.

మా వరసలో ఆటగాళ్ళ భార్యలు కూడా ఊళ్ళో పెళ్ళిళ్ళ గురించీ, జుట్టు రంగుల గురించీ మాట్లాడుకున్నారు. నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. మా ఇంట్లో ఏప్రిల్ నుంచి ఇదే కదా.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పక్కనున్న డియాన్‌ని నెమ్మదిగా అడిగాను. ఆమె రోలండ్ భార్య. "రోలండ్, కర్ట్ కలిసే కదా జిమ్‌కి వెళ్ళారు. అక్కడేమైనా..."

"ఏమే వెర్నా," అంది డియాన్ మైదానం మీంచి చూపు తిప్పకుండా. "మా ఆయన సంచి నేను విప్పను. విప్పి చూసినవాళ్ళెవరికీ నిద్ర పట్టగా నేను చూళ్ళేదు. ఆ పల్లీలు ఇటివ్వు."

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఎవడో మెత్తగా ఒక హిట్ కొట్టాడు. అప్పుడు అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు.

జూలై 4

స్వాతంత్ర్య దినం టపాసులు. కర్ట్ గ్యారేజీలో పదకొండు నిమిషాలు ఉన్నాడు.

జూలై 11

మూడు రోజులు ఆటలు లేవు. కర్ట్ రోలండ్‌తో చేపలు పట్టడానికి వెళ్ళాడు. నేను పుస్తకాలన్నీ దించాను. చెయ్యకూడదనుకున్న పని చేశాను.

నా పుస్తకంలో ఒక గుర్తుంది. ఇంకెవరి పుస్తకంలోనూ ఉండదు. మైదానం చివర గోడ ముందు గడ్డి లేకుండా మట్టి పట్టీ ఒకటి ఉంటుంది. బంతి కోసం వెనక్కి పరిగెత్తేవాడికి కాలి కింద మట్టి తగలగానే గోడ వచ్చిందని తెలుస్తుంది. కర్ట్ కొట్టిన బంతిని ఆ మట్టి మీద నిలబడి పట్టారంటే, మామూలు ఔట్ గుర్తు రాసి దాని చుట్టూ ఓ గుండ్రం పెడతాను. రేడియోలో అయితే గోడ దాకా వెళ్ళి పట్టాడని చెప్తే పెడతాను. లీగ్ వాళ్ళ లెక్కల్లో అది ఉత్త ఔట్. నాకు మాత్రం అది కాస్తలో పోయిన హోమ్ రన్.

నిరుడు ఇదే తేదీకి హోమ్ రన్లు ఏడు, గుండ్రాలు పదిహేను. కలిపితే ఇరవై రెండు.

ఈ ఏడాది హోమ్ రన్లు పంతొమ్మిది, గుండ్రాలు రెండు. కలిపితే ఇరవై ఒకటి.

మళ్ళీ కూడాను. అంతే వచ్చింది.

వాడి చూపు మెరుగైతే ఊరికే ఔటవడం తగ్గాలి. తగ్గలేదు. దెబ్బ తీరు మారితే గాల్లోకి లేచే బంతులు పెరగాలి. పెరగలేదు. వాడు కొట్టే బంతులు అవే, అన్నే. కాకపోతే ఒక్కోటీ ఇరవై అడుగులు ఎక్కువ దూరం వెళ్తోంది. లీగ్ మొత్తంలో ఈ ఏడాది హోమ్ రన్లు పెరిగాయి, ఒప్పుకుంటాను. ఎండలు ముదిరాయి, ఒప్పుకుంటాను. కానీ మా జట్టులో ఇంకెవరికీ పదిహేను గుండ్రాలు రెండు అవ్వలేదు.

దీన్ని నా క్లాసులో పిల్లలు తెచ్చి చూపిస్తే ఏమంటాను? ఏదో మారిందని తెలుస్తోంది, ఏం మారిందో ఈ అంకెల్లో లేదు అంటాను. పదికి ఎనిమిది మార్కులు వేస్తాను. ఈ ఆటలో రక్తపరీక్ష లేదు, మూత్రపరీక్ష లేదు. ఎవరూ ఎవర్నీ అడగరు. ఇక మిగిలిందల్లా అంకెలు, అవి గుమ్మం దాకా తీసుకొచ్చి అక్కడ వదిలేస్తాయి.

నిజానికి నేనెందుకు ఇంత లెక్కలు వేస్తున్నాను? గ్యారేజీ ఎక్కడుందో నాకు తెలుసు. అడగడానికి నోరుంది. మూడు నెలలుగా అడక్కుండా ఉండటానికే లెక్కలు వేస్తున్నాను.

పుస్తకాలు మళ్ళీ పైన పెట్టాను. పెట్టేటప్పుడు 1999 పుస్తకం వెనక అట్ట చూడలేదు.

జూలై 14

హ్యూబర్ట్ గారు ఇవాళ రెండో ఇన్నింగ్స్‌లోనే ఎత్తుకున్నారు.

"మా బేస్‌బాల్ పరిశోధన సంఘం పత్రికకి వ్యాసం ఒకటి రాస్తున్నా అమ్మాయ్. కండలు పెంచే మందులు వాడుతున్నవాణ్ణి స్కోరు లెక్కలు చూసి కనిపెట్టగలమా అని."

"కనిపెట్టగలమా?" అన్నాను.

"హోమ్ రన్లు చూసి చెప్పలేం. ముప్ఫై ఏళ్ళు దాటాక హఠాత్తుగా విజృంభించినవాళ్ళు పాతరోజుల్లోనూ ఉన్నారు. అప్పుడు ఈ మందులెక్కడివి? నాకు కావాల్సింది ఇంకోటుంది. గోడ దగ్గర పట్టిన బంతులు. అవి రాసుకున్నవాళ్ళు ఈ దేశంలో నువ్వు తప్ప ఎవరూ ఉన్నట్టు లేరు." ఆయన నా పుస్తకం వంక చూడలేదు, మైదానం వంకే చూస్తున్నారు. "పేరు వెయ్యను. ఒక ఆటగాడు అని రాస్తాను."

"అవి కంటి అంచనాలండీ. వాటికి విలువ లేదు."

"పదేళ్ళుగా పక్కన కూర్చున్నా. నీ కన్ను సంగతి నాకు తెలుసు."

"ఎండ కళ్ళలో పడుతుంది. సగం తప్పులే. రేడియో వాళ్ళవి ఇంకా తప్పులు."

ఆయన టోపీ తీసి, తల తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "సరే అమ్మాయ్. అడగకూడనిది అడిగినట్టున్నా," అన్నారు.

ఇన్నింగ్స్ చివర పుస్తకాలు సరిచూసుకున్నాం. ఒక్క గడి కూడా తేడా లేదు.

నా పుస్తకం తప్పని నా నోటితో నేనే అన్నాను. పదిహేనేళ్ళలో ఎవరన్నా అని ఉంటే పోట్లాడేదాన్ని.

జూలై 16

రాయాలి. ఏప్రిల్లో రాయనన్నది ఇదే.

జనవరి ఆఖరు. బయట మోకాలి లోతు మంచు. స్కూలు సెలవిచ్చారు. కర్ట్ వంటింటి బల్ల దగ్గర కాఫీ తాగుతున్నాడు. ఆ ఏడు మళ్ళీ పైకి, మేజర్ లీగ్‌కి, పిలవలేదు, వరసగా ఆరో ఏడు. ముప్ఫై ఒకటి నిండుతోంది. వాళ్ళ నాన్న ఇళ్ళ కప్పులు వేసే రూఫింగ్ పనిలోకి వచ్చెయ్యమంటున్నాడు. వాడి మొహం చూడలేక, నవ్విద్దామని, 1999 పుస్తకం తెచ్చి గుండ్రాలు లెక్కపెట్టి చూపించాను. సీజన్ మొత్తానికి ఇరవై ఆరు.

"చూడు," అన్నాను. "నీకు ఆట రాక కాదు. వీటిలో సగం దాటి ఉంటే నువ్వీపాటికి పైన ఆడుతుండేవాడివి."

"ఎంత తక్కువైంది?" అన్నాడు.

నాకు హుషారొచ్చింది. అదీ నా రోగం. మైదానాల కొలతలు తీశాను, పట్టినవాడు గోడకి ఎంత దూరంలో ఉన్నాడో, గోడ ఎత్తెంతో అంచనా వేశాను. గంటన్నర కూర్చున్నాను. వాడు రెండోసారి కాఫీ పోసుకుని నా పెన్సిల్ వంకే చూస్తున్నాడు. ఆఖరికి పుస్తకం వెనక అట్ట మీద రాసి కింద రెండు గీతలు గీశాను. ఇరవై అడుగులు.

"ఇరవై అడుగులే?" అన్నాడు.

"ఇరవై అడుగులే," అన్నాను నేను. గర్వంగా అన్నాను.

వాడు లేచి, కిటికీ దగ్గర నిలబడి మంచు వంక చూశాడు. మర్నాడు రోలండ్‌కి ఫోన్ చేశాడు.

జూలై 17

నేను అడిగితే వాడు ఆ మాట అంటాడు. అందుకే అడగడం లేదు.

జూలై 23

అడిగాను.

ఆదివారం మధ్యాహ్నం ఆట. ఇంటికొచ్చాక గ్యారేజీలో మళ్ళీ పదకొండు. తర్వాత వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. నూడుల్స్ వేడిచేసి పెట్టాను.

"కర్ట్, బూట్లు తుడవడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఏం ప్రశ్న అది?"

"నాలుగు నిమిషాలు. పదిహేనేళ్ళుగా నాలుగు. ఏప్రిల్ నుంచి వారానికి రెండుసార్లు పదకొండు అవుతోంది."

ఫోర్కు గాల్లో ఆగిపోయింది. "అది కూడా లెక్కపెట్టావా?"

"గడియారం ఎదురుగా ఉంది. నేనేం చెయ్యను?"

"హోమ్ రన్లు చూసి కనిపెడతావనుకున్నా."

"వాటికేం, వంద కారణాలు చెప్పుకోవచ్చు. అన్నీ చెప్పుకున్నాను కూడా. బ్యాట్ అన్నాను, ఎండలన్నాను. డాక్టర్ సున్నా అన్నాక గవదబిళ్ళలన్నాను. ఇంక నావల్ల కాదు."

వాడు ఫోర్కు కింద పెట్టాడు. అరుస్తాడనుకున్నాను. ఈ మధ్య చిన్నచిన్నవాటికి అరుస్తున్నాడు, కిందటివారం పాలడబ్బా మూత రాలేదని గోడకేసి కొట్టాడు. అరవలేదు.

"నువ్వే కదా చెప్పావు," అన్నాడు.

"ఏమని?"

"ఇరవై అడుగులని. నువ్వే కదా కింద రెండు గీతలు గీశావు. నేను జిమ్‌లో ఎంత చచ్చినా ఏడెనిమిది వచ్చేది వెర్నా. ఇరవై ఎక్కణ్ణుంచి తేను?"

వారంనుంచి ఈ మాటకి జవాబు వెతికాను. ఏడ్చాను. వాడూ ఏడ్చాడు. వాడి వీపు నిమిరితే చర్మం మీద మొటిమలు గరుగ్గా తగిలాయి, అవి కూడా ఇవాళే చూస్తున్నట్టు చూశాను.

"సూదిమందు పెయింట్ డబ్బాల వెనక ఉంది," అన్నాడు. "సెప్టెంబర్ ఒకటిన పైవాళ్ళు కొందర్ని పిలుస్తారు. ఐదు వారాలు. ఒక్కసారి ఆ చొక్కా వేసుకుని ఒక్కసారి బ్యాట్ పట్టుకుంటే చాలు, తర్వాత రూఫింగ్‌కే వెళ్తా. ఇప్పుడు మానేస్తే మళ్ళీ ఆ మట్టి దగ్గరే ఆగిపోతుంది బంతి. నీకు తెలుసు కదా, నీ పుస్తకంలోనే ఉంది."

"మానేస్తే మనకి బిడ్డ పుట్టొచ్చు."

"పుట్టొచ్చు," అన్నాడు. "పుడుతుందని లెక్క ఉందా?"

"లేదు."

నూడుల్స్ గట్టిపడిపోయాయి. ఆఖరికి "సరే, మానేస్తా," అన్నాడు. పారేశానని పడుకునే ముందు చెప్పాడు. నేను వెళ్ళి చూడలేదు. చూస్తే నమ్మలేదన్నట్టు అవుతుంది. చూడకపోతే ఏమవుతుందో అది వేరే సంగతి.

ఆగస్టు 2

నాలుగు.

ఆగస్టు 5

నాలుగు. నేను గడియారం వంక వీపు పెట్టి కూర్చుంటున్నాను. అయినా తెలుస్తోంది.

ఆగస్టు 13

హ్యూబర్ట్ గారి వ్యాసం పత్రికలో వచ్చింది. ఒక ప్రతి నా సీటులో పెట్టి వెళ్ళి హాట్‌డాగ్ కొనుక్కొచ్చుకున్నారు. నేను చదివేసరికి రావాలని కాబోలు, చాలా ఆలస్యంగా వచ్చారు.

ఎనిమిది పేజీలు. ఎంత వెతికినా ఆటగాడి అంకెల్లో మందుకీ అదృష్టానికీ తేడా చూపించలేకపోయానని రాశారు. చివర ఒక వాక్యం ఉంది: దీనికి పనికొచ్చే లెక్క ఎక్కడో ఒక ఇంట్లో ఉండొచ్చు, అయితే అది ఆ ఇంటివాళ్ళది.

"బాగుందండీ," అన్నాను.

"ముగింపు తేలిపోయింది," అన్నారాయన ఆవాలముద్ద పూసుకుంటూ. "ఏం చేస్తాం."

ఆగస్టు 18

కర్ట్ పదకొండు రోజులుగా ఒక్క హోమ్ రనూ కొట్టలేదు. గుండ్రాలు నాలుగు. ప్రతి గుండ్రానికీ నాకు లోపల సంతోషంగా ఉంది. అది పాపం. మొగుడు ఔటైతే సంతోషించే భార్య నేనొక్కదాన్నేనేమో.

ఆగస్టు 19

ఇంటికొచ్చేటప్పుడు కారులో, "నిన్నటితో ఎన్ని?" అన్నాడు.

"ఏవి?"

"నీకు తెలుసు."

"నాలుగు," అన్నాను.

తల ఊపాడు.

ఆగస్టు 24

రోలండ్ వచ్చి వాకిట్లో నిలబడి కర్ట్‌తో మాట్లాడాడు. కిటికీలోంచి మాటలు వినిపించలేదు. కర్ట్ రెండుసార్లు తల అడ్డంగా ఊపాడు. మూడోసారి ఊపలేదు. రోలండ్ తన కారు బోనెట్ మీద చెయ్యి ఆన్చి నిలబడి ఉన్నాడు, తర్వాత వెళ్ళిపోయాడు.

"ఏమంటాడు?" అన్నాను.

"చేపలు," అన్నాడు.

ఆగస్టు 30

బుధవారం, పగటి ఆట. పైవాళ్ళ మనిషి వచ్చాడు, బ్యాట్ పట్టినవాడు నిలబడే ప్లేటు వెనక మూడో వరసలో, ఒళ్ళో కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఎల్లుండే ఒకటో తేదీ. అందరూ వాణ్ణి చూశారు, ఎవరూ చూడనట్టే ఉన్నారు.

తొమ్మిదో ఇన్నింగ్స్, ఒక పరుగు వెనకబడి ఉన్నాం, మొదటి బేస్ మీద మనిషి ఉన్నాడు. కర్ట్ వచ్చాడు. మూడో బంతిని కొట్టాడు. చెక్క చప్పుడు విన్న క్షణంలో నాకు తెలిసిపోయింది. జనం లేచారు. సెంటర్‌లో ఆడేవాడు వెనక్కి పరిగెత్తి, మట్టి తగిలి, వీపు గోడకి ఆన్చి, చెయ్యి పైకెత్తి పట్టేశాడు.

జనం కూర్చున్నారు. కర్ట్ మొదటి బేస్ దాటి పరిగెడుతూ ఆగిపోయాడు. ఇంక గోడ వంక చూడలేదు. పైవాళ్ళ మనిషి వంక చూడలేదు. తల తిప్పి నా వంక చూశాడు. నా చేతిలో పెన్సిల్ వంక.

"ఎఫ్-8?" అన్నారు హ్యూబర్ట్ గారు. గాల్లో లేచిన బంతిని సెంటర్‌లో ఆడేవాడు పట్టాడని అర్థం. ఎప్పుడూ అలాగే అడుగుతారు.

"ఎఫ్-8," అన్నాను. రాశాను. గుండ్రం పెట్టలేదు.

ఆయన నా గడి వంక చూశారు, తన గడి వంక చూసుకున్నారు. "సరిపోయింది," అని పుస్తకం మూసేశారు.

పెద్దచర్చి మలుపు దగ్గర కర్ట్ కారు నెమ్మది చేశాడు. "గుండ్రం పెట్టావా?" అన్నాడు.

"లేదు."

"ఎంత తక్కువైంది?"

"చూడలేదు," అన్నాను. పదిహేనేళ్ళలో మైదానంలో ఉండి వాడి బంతిని నేను చూడకపోవడం ఎప్పుడూ లేదు. వాడికది తెలుసు.

"మూడడుగులు," అన్నాడు, రోడ్డు వంక చూస్తూ. "వాడి గ్లవ్ గోడ పైన ఉంది. మూడడుగులే."

ఇంటికొచ్చేసరికి నాలుగున్నర. నేను బంగాళదుంపలు పొయ్యి మీద పెట్టాను. వాడు బూట్లు పట్టుకుని గ్యారేజీలోకి వెళ్ళాడు. గడియారం వంక వీపు పెట్టి దుంపలు కలిపాను. లెక్కపెట్టకూడదనుకున్నాను. నాలుగు నిమిషాలైంది. ఐదు. మట్టి ఎండిపోయి ఉంటుందిలే అనుకున్నాను. ఏడు. మనిషి బాధలో ఉన్నాడు, ఊరికే కూర్చుని ఉంటాడు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. దుంపలు అడుగంటాయి.

వచ్చి, బూట్లు తలుపు పక్కన పెట్టి, "స్నానం చేసొస్తా," అని పైకి వెళ్ళాడు.

వెళ్ళి బూట్లు తిరగేశాను. మేకుల మధ్య ఎర్రమట్టి అలాగే ఉంది. ముట్టుకుంటే తడిగా ఉంది. స్క్రూడ్రైవర్ తగిలిన గీత ఒక్కటి కూడా లేదు.

వాడి మీద నాకు కోపం రాలేదు. జనవరిలో ఈ బల్ల దగ్గరే కూర్చుని పెన్సిల్ చెక్కుకున్న మనిషి మీద వచ్చింది. పైకెళ్ళి అడిగితే మళ్ళీ ఏడుస్తాం, మళ్ళీ మానేస్తానంటాడు, మళ్ళీ నేను నమ్ముతాను. నమ్మకం ఎన్నిసార్లు వస్తుందో దానికి లెక్క లేదు.

పైన నీళ్ళు ఆగాయి. స్కోరు పుస్తకం సంచిలోంచి తీశాను. ఇవాళ్టి పేజీ, తొమ్మిదో ఇన్నింగ్స్, వాడి గడి. ఎఫ్-8 చుట్టూ గుండ్రం పెట్టాను. దాని పక్కన పదకొండు అని రాశాను, కింద రెండు గీతలు గీశాను. పుస్తకం తెరిచే వాడి కంచం పక్కన పెట్టాను.

మెట్లు దిగుతున్నాడు.